ఇంటికి వచ్చిన తిరునాళ్లు

2021 వ సంవత్సరము డిసెంబరు నెల కడపటి వారమున మేము సకుటుంబముగా భాగ్యనగరమునకు పోయి, మా బావమరదిగారి యింట నాలుగు దినములుంటిమి. అంతకుముందు దాదాపు రెండేండ్ల కాలములో మా పిల్లలు ఇల్లు కదలిన దినములు వ్రేళ్లపై లెక్కింపవచ్చును. పాఠము సెల్‌ఫోనులో, పరీక్ష సెల్‌ఫోనులో, పుట్టినరోజు పండుగయు సెల్‌ఫోనులోనే జరిగెను. ఆ పాఠములు చెప్పిన ఉపాధ్యాయులలో మేమును ఒకరము గనుక, బిడ్డల ముఖములు ఆ చిన్నతెరపై వాడిపోవుట కన్నులార చూచినవారము. నగరమునకు వెలుపల నున్న యొక విహారోద్యానమునకు పోవుదమని మా బావమరది యనగా, పిల్లలకంటె ముందు మేమే సరే యంటిమి.

పోయినది సెలవుదినము. ద్వారముకడ కాపలావాడొకడు పిస్తోలువంటి ఉష్ణమాపకమును మా నొసళ్లకు చూపి, అందలి యంకెను తాను చూడకయే "పదండి, పదండి" అనెను. మాస్కు లేనివారికి ప్రవేశము లేదను పలక యొకటి పెద్ద యక్షరములతో వ్రేలాడుచుండెను. దాని క్రింది వరుసలో మనిషికిని మనిషికిని నడుమ జానెడు చోటు లేదు. దూరము పాటించుటకై నేలపై వృత్తములు గీసియుండిరి గాని, ఒక్కొక్క వృత్తమున ఒక్కొక్క కుటుంబము నిలిచియుండెను. లోపల అలల కొలనొకటి కలదు. నీటిలో మాస్కుండదు గదా. వందలకొలది జనము మెడలోతున నిలిచి, అల లేచినప్పుడెల్ల ఒక్క గొంతుకతో కేకలు వేయుచుండిరి. మా పిల్లలును వేసిరి. మేమును వేసితిమి. రెండేండ్ల మౌనము ఆ కేకలో కొట్టుకొనిపోయినట్లు తోచెను. ఆ సంతోషము అబద్ధమని ఇప్పుడును చెప్పజాలము.

మా తల్లిగారు డెబ్బది రెండేండ్లవారు. "ఆ జనంలోకి నేనెందుకురా" అని ఊరనే నిలిచిపోయిరి. మేము తిరిగివచ్చిన రాత్రి మా చిన్నవాడు మామ్మ ప్రక్కలో చేరి, ఆమె దుప్పటిలోనే దూరి, అలల కొలను కథ నిద్రవచ్చువరకు చెప్పెను. నూతన సంవత్సరపు మొదటి వారమున మాకు దగ్గును జ్వరమును వచ్చినవి. పిల్లలకు రెండు దినములలో తగ్గినది; మాకును మా గృహిణికిని అయిదు దినములు పట్టినది. తరువాత తల్లిగారు పడకవేసిరి. రెండు మోతాదులు టీకా పడియుండుటచేతనే కాబోలు ప్రాణము దక్కినది. కాని మూడు వారముల పిదప మంచము దిగిన ఆమెకు, వీధి చివరనున్న రామాలయమువరకు నడచిపోవు సత్తువ మరల రాలేదు.

వ్యాధి ఆ కొలనులోనే అంటినదని మేము ప్రమాణము చేయజాలము. బస్సులో అంటియుండవచ్చును, బావమరదిగారి యింటనే అంటియుండవచ్చును. అయినను పదునొకండేండ్ల మా యమ్మాయి అడిగిన ప్రశ్న మమ్ము విడువలేదు. "మామ్మ రాలేదు కదా నాన్నగారూ, మరి మామ్మకే ఎందుకు ఎక్కువగా వచ్చింది?" బడిలో చరిత్రయు చెప్పుచుండువారము గనుక, ఆ ప్రశ్న చేతబట్టుకొని కొంతకాలము పుస్తకములలో తిరిగితిమి. తిరునాళ్లును మహమ్మారియు కలిసికొన్న చోటులు చాల గలవు. కొన్నింటిని మాత్రము చదువరుల ముందుంచెదము.

విహారోద్యానములు పుట్టకమునుపు ఐరోపాఖండమున వాని పని చేసినవి సంతలును తిరునాళ్లును. లండను నగరమున స్మిత్‌ఫీల్డను బయలునందు సెయింటు బర్తాలొమ్యూ పేర నొక తిరునాళ్లు 1133 లో రాజశాసనముచే నేర్పడి, 1855 వరకు జరిగెను. దానిని నెలకొల్పిన రాహియరను నతడు సన్న్యసించుటకు పూర్వము రాజాస్థానమున విదూషకుడని ప్రతీతి. అతడే ఆ ప్రక్కన 1123 లో నొక వైద్యశాలను స్థాపించెను. తిరునాళ్లకును వైద్యశాలకును ఒకే పేరు, ఒకే స్థాపకుడు! తిరునాళ్లు పోయినవి, వైద్యశాల నేటికిని ఉన్నది. మొదట నది బట్టల సంత. పిమ్మట బొమ్మలాటలు, త్రాటిపై నడకలు, దూరదేశపు మృగములు చేరి, ఆగస్టు చివర లండను కుటుంబములన్నియు బిడ్డలను వెంటబెట్టుకొని పోవు విహారస్థలమాయెను.

1603, 1625, 1665 సంవత్సరములలో ప్లేగు ప్రబలగా ఈ తిరునాళ్లను నిలిపివేసిరి. 1665 లో లండను మరణపట్టికలయందు ప్లేగు పద్దు క్రింద చేరిన చావులు 68,596. సూక్ష్మక్రిమి యను మాటయే అప్పటికి లేదు. గాలి చెడినదని కొందరు, గ్రహములు వక్రించినవని కొందరు, దైవము కోపించెనని కొందరు తలచిరి. చెప్పుకొన్న కారణములు తప్పు; చేసినపని మాత్రము తప్పుగాదు. దూరపు జిల్లాలనుండి వచ్చిన వర్తకుడు బట్టల మూటతో తిరిగిపోవుననియు, ఆ మూటతో మరియేమైన పోవచ్చుననియు వారి యనుభవము వారికి నేర్పినది. కేంబ్రిడ్జికడ జరుగు స్టూర్‌బ్రిడ్జి సంతయు ఆ సంవత్సరము నిలిచిపోయెను. విశ్వవిద్యాలయము మూతపడగా న్యూటను తల్లి యింటికి పోయి గణితము చేసికొనుట ఎల్లరెరిగినదే. సంత మూతపడగా బొమ్మలాటవాడెక్కడికి పోయెనో మా పాఠ్యపుస్తకములేవియు చెప్పవు.

తిరునాళ్ల చోటు వేరు, దానినుండి ఇంటికి పోవు త్రోవ వేరు అను సంగతి మన దేశమున 1867 లో హరిద్వారమున తేటపడినది. ఆ యేటి కుంభమేళమునకు దాదాపు ముప్పదిలక్షల జనము చేరిరని అంచనా. సర్కారువారు ముందుగనే మేల్కొని, మరుగుదొడ్లకు కందకములు త్రవ్వించి, పోలీసులను నిలిపి, ఆ కాలమునకు మెచ్చదగిన ఏర్పాటులు చేసిరి. ఏప్రిలు 11 వ తేదీ రాత్రి పెద్దగాలివాన కురిసెను. బయటపడుకొన్న జనము తెల్లవార్లు తడిసిరి. నేలమీది కల్మషమంతయు గంగలోనికి దిగెను. 12 వ తేదీ పుణ్యస్నానము. ఆ యిరుకుఘట్టమున లక్షలాది జనము మునిగి, ఆ నీటినే తీర్థముగా పుచ్చుకొనిరి. తిరునాళ్లు జరిగినచోట కనబడిన కలరా కొలదియే. మరుసటిదినమునుండి జనము చెదరిపోవగా, వారు పోయిన బాటలవెంట కలరా బయలుదేరెను. ఏప్రిలు, మే నెలలలో పంజాబు జిల్లాలు దాటి, కాశ్మీరమునకును కాబూలునకును పోయెను. తిరునాళ్లను చూచి వ్రాసినవాడు ఇంత చక్కని నిర్వహణము లేదని వ్రాసియుండును. బాటప్రక్క గ్రామమున చూచి వ్రాసినవాడు మరియొక కథ వ్రాసియుండును.

ఇక్కడ మన యాచార మొకటి తలపునకు వచ్చుచున్నది. కాశికి పోయివచ్చినవారు గంగచెంబులు తెచ్చి, సమారాధనము చేసి, రాలేనివారికి, ముఖ్యముగా ముదుసలులకు, ఆ తీర్థము నోట పోయుదురు. హరిద్వారమునుండి తిరిగినవారును కావళ్లలో గంగను ఇంటికి మోసికొనిపోయిరి. కలరాక్రిమి సంగతి రాబర్టు కోక్కు కలకత్తాలో రుజువు చేయుట 1884 నాటి మాట. 1867 లో ఆ యాత్రికుడేమి యెరుగును? పోలేని తల్లికి పుణ్యములో పాలుపంచుటకై తెచ్చెను. మా చిన్నవాడును మామ్మకు తాను చూచినదానిలో పాలుపంచుటకే ఆమె దుప్పటిలో దూరెను.

1865 లో మక్కాయాత్రలో చెలరేగిన కలరా ఓడలపై ఐరోపాకు చేరగా, 1866 లో కాన్‌స్టాంటినోపులునందు నానాదేశముల వైద్యులును రాయబారులును సభచేసి యాత్రలనుగూర్చి నెలల తరబడి చర్చించిరి. 1892 లో హరిద్వారమున మహావారుణీ పర్వమునకు చేరిన జనమును సర్కారువారు బలముతో చెదరగొట్టిరి. చెదరగొట్టుటయనగా వ్యాధిని వేయి ముఖములుగా ఇండ్లకు పంపుటయే గదా యని ఎవరైన అప్పుడు సందేహించిరో లేదో!

అదే హరిద్వారమున 2021 ఏప్రిలులో మరల కుంభమేళము జరిగెను. ఆ 12 వ తేదీ సోమవతీ అమావాస్యనాడు ముప్పదిలక్షలకు పైగా జనము స్నానమాడిరని అధికారులే ప్రకటించిరి. ఆస్పత్రులలో ప్రాణవాయువు చాలక జనము కొట్టుకొనుచున్న నెల అది. 17 వ తేదీన ప్రధానమంత్రి, ఇకపై మేళమును నామమాత్రముగా జరుపుడని సాధువులను కోరిరి. ఆ నెలలో మా బడి యుపాధ్యాయుల గదిలో ఆ యాత్రికులను మూఢులని అందరికంటె గట్టిగా నిందించినవారము మేమే. ఎనిమిది నెలలు గడచునంతలో టిక్కెట్టు కొని అలల కొలనులో దిగినవారమును మేమే. అది మౌఢ్యమని, ఇది విశ్రాంతియని మాకు మేము చెప్పుకొంటిమి. గంగలో మునిగినవాడు కనీసము పితరులను తలచుకొనెను.

ఇక విహారోద్యానముల సంగతి. అమెరికాలో న్యూయార్కునగరపు సముద్రతీరమున కోనీ ఐలండు అను చోట 1897 లో స్టీపిల్‌చేజు, 1903 లో లూనాపార్కు, 1904 లో డ్రీమ్‌లాండు అను ఉద్యానములు వెలసెను. వారమంతయు కార్మాగారములలో మ్రగ్గిన బీదజనము ఆదివారము నాణెము చేతబట్టుకొని పోవు స్వర్గములవి. 1916 వేసవిలో ఆ నగరమున పసిపిల్లల పక్షవాతము, ఇప్పుడు మనము పోలియో యనునది, ప్రబలి, రెండువేలకు పైగా ప్రాణములు తీసెను. పదునారేండ్లలోపు పిల్లలను సినిమాశాలలకు రానీయలేదు. చుట్టుపట్ల యూళ్లవారు బాటలపై కావలి పెట్టి, నగరమునుండి బిడ్డలతో వచ్చు కుటుంబములను వెనుకకు మరలించిరి. నింద మాత్రము ఇటలీనుండి వలసవచ్చిన బీదవారి వాడలపై పడెను. ఇది కొత్తకాదు, పాతబడను లేదు.

కాలిఫోర్నియా రాష్ట్రమున ఆనహైమునందలి డిస్నీలాండు 1955 జులై 17 న తెరువబడినది. దాని మూలము వాల్టు డిస్నీ స్వయముగా చెప్పియుండెను: తన కొమార్తెలు లాస్ ఏంజలీసులోనొక తోటయందు రంకులరాటముపై తిరుగుచుండగా, తాను బల్లపై ఊరక కూర్చుండి, తలిదండ్రులును బిడ్డలును కలిసి ఆడుకొను చోటొకటి యుండరాదా యని తలచెనట. ఆ తలంపు మంచిదే. ఆ తండ్రిని మేము చక్కగా అర్థము చేసికొనగలము. అయితే ఆ చోట 2014 డిసెంబరున తట్టు అంటుకొనెను. తట్టు మనకు అమ్మవారి జబ్బు. టీకాతో ఆపదగిన జబ్బును గూడ. కాలిఫోర్నియాలో వ్యాధి తగిలిన 110 మందిని లెక్కించి చూడగా, ఆ ఉద్యానములకు స్వయముగా పోయినవారు 39 మందియే. వ్యాధిగ్రస్తులనుండి అంటించుకొన్న 34 మందిలో 26 మంది వారి యింటివారో అతిసన్నిహితులో. 110 మందిలో 12 మంది టీకాకు తగిన వయస్సింకను రాని పసికందులు. మా యమ్మాయి ప్రశ్నకు ఇంతకంటె తిన్నని సమాధానము మాకు దొరకలేదు. ఆ లెక్క చూచిన పిదప 2015 లో ఆ రాష్ట్రమువారు, మా నమ్మకము వేరని చెప్పి బడిపిల్లల టీకాలు తప్పించుకొను వెసులుబాటును శాసనముచే తొలగించిరి.

అంతకుముందు ఆ యుద్యానము అనుకొనకుండ మూతపడిన దినములు చాల కొద్ది. 1963 లో అధ్యక్షుడు కెనెడీ హత్య, 1994 భూకంపము, 2001 సెప్టెంబరు దాడులు. 2020 మార్చి 14 న మూతపడినది మాత్రము 2021 ఏప్రిలు 30 వరకు, 412 దినములు, తెరువలేదు. ఈ నడుమ 2021 జనవరిలో దాని వాహనములు నిలుపు బయలునందు టీకాలు వేసిరి. అదే సంస్థకు చెందిన ఫ్లోరిడా ఉద్యానములో 2020 జులై 11 ననే ద్వారములు తెరచిరి. మరునాడు ఫ్లోరిడావారు ప్రకటించిన క్రొత్త రోగుల సంఖ్య 15,299. అంతవరకు అమెరికాలో ఏ రాష్ట్రమును ఒక్కదినమున అంత సంఖ్య ప్రకటించి యుండలేదు. న్యాయముగా చెప్పవలెనన్న, లోపల కట్టుబాటు గట్టిగానే యుండినది. ముందుగా దినము నిర్ణయించుకొననివారికి ప్రవేశము లేదు. రెండేండ్ల బిడ్డకైనను మాస్కుండవలెను. ఊరేగింపులు, బాణసంచా నిలిపిరి. మిక్కీ యెలుక వేషధారి దూరమునుండి చేయి ఊపునేగాని పిల్లలను కౌగిలింపడు. మాస్కు తీసినవారికి ఆటబండ్లపై తీసిన ఛాయాచిత్రము లీయలేదు. ఆ డిసెంబరున, మాస్కు లేని కొందరి ముఖములపై చిత్రములోనే మాస్కు గీసియిచ్చి, నవ్వులపాలై మానివేసిరి! ముఖముపై లేనిది పటముపై నుండిన చాలునను బుద్ధి ఆ దేశమునకు మాత్రము చెందినది కాదు. మా నొసటికి చూపిన ఉష్ణమాపకము గూడ అట్టి పటమే.

కట్టుబాటు గట్టిగా నుండినచోట ఎందరు లోనికి రావలెనో ద్వారమునకు తెలియును. సంఖ్య తెలిసినవాడే సంఖ్యను తగ్గింపగలడు. ఇంటివద్ద టిక్కెట్టు కొను తండ్రికి తనవలె ఆ దినమున ఎన్నివేలమంది కొనిరో తెలియదు. గుంపును చూచి జనమును తిట్టువారు ఈ భేదమును మరచుచున్నారు. అట్లని ద్వారము మూయుటయు ఊరక వచ్చునదికాదు. 2020 సెప్టెంబరు 29 న ఆ సంస్థ తన ఉద్యానములు మొదలైన వానినుండి 28,000 మందిని తొలగింప నున్నట్లు ప్రకటించెను. వారిలో మూడింట రెండుపాళ్లు పూటకూలికి వంటి కొలువులవారు. 1665 నాటి బొమ్మలాటవాడు ఇట్లు మరల కనబడెను.

వీనియన్నింటిలో మమ్ము మిక్కిలి యాలోచింపజేసినది షాంఘై డిస్నీలాండు కథ. 2016 జూను 16 న తెరచిన ఆ యుద్యానము, 2020 జనవరి 25 న, సరిగా చీనావారి సంవత్సరాదినాడు, మహమ్మారికై మూతపడిన వానిలో మొదటిది. మే 11 న మరల తెరువబడిన వానిలోను మొదటిది. సామాన్యముగా 80,000 మంది పట్టు చోటునకు 24,000 మందిని మించరాదని ప్రభుత్వము ఆజ్ఞాపింపగా, నిర్వాహకులు అంతకును తగ్గించిరి. 2021 అక్టోబరు 31 ఆదివారము. ముందుదినమున ఉద్యానమును చూచి వెడలిన యొక స్త్రీకి వ్యాధియున్నట్లు వేరొక నగరమున తేలినది. సాయంకాలమునకు షాంఘై ఉద్యానపు ద్వారములు మూసిరి. లోపల నున్నవారెవ్వరును పరీక్ష చేయించుకొననిదే వెలికి పోరాదు. దేహమంతయు తెల్లని తొడుగులతో కప్పుకొన్న వైద్యసిబ్బంది వచ్చి బల్లలు వేసిరి. వేషములు వేసికొన్న పిల్లలతో తలిదండ్రులు బారులు తీరి నిలిచిరి. వారి తలలపై, కోటగోపురము వెనుక, ఆనాటి బాణసంచా యథాప్రకారముగా వెలిగెను. ఆ పటమును పత్రికలలో మేమును చూచితిమి. ఆ రాత్రి పరీక్షింపబడినవారు 33,863 మంది. వారిని ఇండ్లకు చేర్చుటకు 220 ప్రత్యేకబస్సులు నడిపిరి. ఒక్కరికిని వ్యాధి లేదని తేలినది. రెండు దినములు ఉద్యానము మూసి మూడవదినము తెరచిరి.

ఒక్క రోగి జాడకై ముప్పది నాలుగువేల మందిని నిర్బంధించుట మా మనస్సునకు ఒప్పదు. సరిగా ఏడాదికి, 2022 అక్టోబరు 31 న, మరల అట్లే పగలే ద్వారములు మూయగా జనము తలుపులకడకు పరుగులెత్తిరి. భయముతో నడచు క్రమశిక్షణ యెక్కువకాలము నిలువదని ఆ సంవత్సరము చివర చీనాలో కట్టుబాట్లన్నియు ఒక్కపెట్టున సడలించినప్పుడు తేటపడినది. అయినను 1892 నాటి హరిద్వారపు అధికారులు జనమును వెలుపలికి తరిమిరి. షాంఘైవారు లోన నిలిపిరి. ఈ రెండింటిలో రెండవవారు, బలాత్కారముగానే యైనను, ఒక ప్రశ్న వేసిరి: ఈ మనిషి ఇప్పుడు ఎవరి యింటికి పోవుచున్నాడు? మేము పోయినచోట ద్వారమున టిక్కెట్టు అడిగిరి, వెలికి వచ్చునప్పుడు బండి నిలిపినందుకు చీటి యడిగిరి. ఇంట ముసలివారు గలరా, వారికి కొన్నినాళ్లు దూరముగా నుండుడు, అని యొక పలకయైనను వ్రాయించిన వారెవ్వరును లేరు. అడుగుటకు వారెవరు? మాకు మేమే అడుగుకొనలేదు. రాత్రి బస్సు దిగి, కాళ్లు కడుగుకొని, తిన్నగా ఆమె గదిలోనికి పోయితిమి.

సంక్రాంతి వెళ్లిన కొన్నాళ్లకు, మా తల్లిగారు మంచముపై లేచి కూర్చుండగా, అమ్మాయి ఆ నాటి పటములు సెల్‌ఫోనులో చూపెను. కొలనులో చేతులెత్తి అరచుచున్న మమ్ము ఆమె గుర్తింపలేక, "ఈ బట్టతలాయన ఎవరే?" అని యడిగిరి. నాన్నగారే యని పిల్ల చెప్పగా చాలసేపు నవ్వి, దగ్గు వచ్చి ఆగిరి. టిక్కెట్టెంతయని యడిగి, చెప్పినమీదట కొంచెముసేపు ఊరకుండి, మావైపు తిరిగి, "ఈసారి వెళ్లేటప్పుడు నన్ను కూడా తీసుకుపోరా. ఇంట్లో కూర్చుని నేను తప్పించుకున్నదేముంది?" అనిరి.